ఎండోమెట్రియోసిస్ నొప్పికి డైనోజెస్టా, హార్మోన్ ఇంజెక్షనా, లెట్రోజోలా: ఏది మేలు?

గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం అండాశయాల మీద, పొత్తికడుపులోని ఇతర చోట్ల పెరగడమే ఎండోమెట్రియోసిస్. దాన్ని పెంచేది ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్. కాబట్టి మందుల మంచిచెడ్డలు బేరీజు వేసే ముందు, ఆ ఈస్ట్రోజెన్ ఎక్కడ తయారవుతోందో చూడాలి.

ఆరోగ్యకరమైన గర్భాశయ పొరలో అరోమటేజ్ అనే ఎంజైమ్ దాదాపు ఉండదు. వ్యాధి కణజాలంలో మాత్రం అది చురుకుగా ఉండి, రక్తంలో వచ్చే ఆండ్రోస్టీన్‌డయోన్ అనే హార్మోన్‌ను ఈస్ట్రోన్ అనే బలహీనమైన ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. మరో ఎంజైమ్ దాన్ని ఇంకా శక్తిమంతమైన ఈస్ట్రోజెన్ అయిన ఈస్ట్రడయోల్‌గా మారుస్తుంది. మామూలుగానైతే నెలసరి చక్రం రెండో సగంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ప్రభావంతో 17-బీటా హెచ్‌ఎస్‌డి రకం 2 అనే ఎంజైమ్ పెరిగి, ఈస్ట్రడయోల్‌ను తిరిగి బలహీనమైన ఈస్ట్రోన్‌గా మార్చేస్తుంది. ఈ వ్యాధిలో కణాలు ప్రొజెస్టెరాన్‌కు సరిగా స్పందించవు గనుక ఆ అడ్డుకట్ట కూడా తెగిపోతుంది. పైగా ఈస్ట్రోజెన్ వల్ల ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే నొప్పి, వాపు కలిగించే రసాయనం, దానివల్ల మళ్ళీ అరోమటేజ్ పెరుగుతాయి. నొప్పి, వాపు తగ్గకుండా సాగడానికి ఈ చక్రం ఒక ముఖ్య కారణం.

ఇదంతా చదివితే, అరోమటేజ్‌ను నేరుగా అడ్డుకునే లెట్రోజోలే ఉత్తమమని తోస్తుంది. నెలసరి వస్తున్న స్త్రీల విషయంలో ఆ తర్కం నిలవదు. ఈస్ట్రోజెన్ తగ్గగానే మెదడు, అండాలను ఎదిగించే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను పెంచి అండాశయాలను ఉసిగొల్పుతుంది, తిత్తులు ఏర్పడవచ్చు. సంతానం కోసం అండం విడుదలకు ఇదే మాత్రను కొద్ది రోజులు ఇచ్చేది ఈ గుణం వల్లనే. (భారత ప్రభుత్వం ఆ వాడకాన్ని 2011లో నిషేధించి, 2017లో అనుమతించింది.) అందుకే నొప్పికి వాడేటప్పుడు అండాశయాలను అణచే మరో మందును జతచేయాలి, అదీ ఇతర చికిత్సలు పనిచేయనప్పుడే.

ప్రొజెస్టెరాన్‌ను పోలిన మాత్ర డైనోజెస్ట్. రోజుకు 2 మిల్లీగ్రాముల మోతాదులో అది అండాశయాల ఈస్ట్రోజెన్‌ను ఓ మోస్తరుగా తగ్గిస్తూ, వ్యాధి కణజాలం పైనా పనిచేస్తుంది. శీర్షికలో చెప్పిన హార్మోన్ ఇంజెక్షన్లలో ఒకటైన ల్యూప్రోలైడ్‌తో 24 వారాలు పోల్చి చూసినప్పుడు నొప్పిని తగ్గించడంలో ఇది ఏమాత్రం వెనకబడలేదు. ఎముకల సాంద్రతను మాత్రం మెరుగ్గా కాపాడింది. ఇంజెక్షన్ అండాశయాలను దాదాపు పూర్తిగా నిద్రపుచ్చుతుంది గనుక ఒంట్లో ఆవిర్లు, ఎముకల బలహీనత వస్తాయి. ఆరు నెలలు దాటి వాడాలంటే తోడుగా కొద్దిపాటి హార్మోన్లు ఇవ్వాల్సి ఉంటుంది. డైనోజెస్ట్‌తోనూ ఇబ్బందులున్నాయి: ముఖ్యంగా మొదటి నెలల్లో వేళాపాళా లేని రక్తస్రావం, కొందరిలో దిగులు. ఈ సంగతి ముందే చెప్పకపోతే మందు పడలేదనుకుని మధ్యలో మానేసే ప్రమాదం ఉంది. ఇది వైద్యులు తప్పక గుర్తుంచుకోవలసిన విషయం.

అందువల్ల నెలసరి ఉన్న వయసులో, వెంటనే గర్భం కోరుకోనివారికి ముందుగా డైనోజెస్టే మేలని నా అభిప్రాయం. అది చాలకపోతే ఇంజెక్షన్.

నెలసరి ఆగిపోయాక లెక్క మారుతుంది. అండాశయాలు ఈస్ట్రోజెన్ ఇవ్వని ఆ దశలో అది వచ్చేది కొవ్వు, చర్మం, వ్యాధి కణజాలాల్లోని అరోమటేజ్ నుంచే. 1998లో సెర్దార్ బులున్ అనే వైద్య పరిశోధకుడి బృందం, గర్భాశయం, అండాశయాలు తీసేసినా వ్యాధి తీవ్రంగా తిరగబెట్టిన 57 ఏళ్ళ మహిళకు ఇదే తరగతికి చెందిన అనాస్ట్రజోల్ ఇచ్చి ఉపశమనం సాధించింది. అలాంటి వారికి, శస్త్రచికిత్స కుదరనప్పుడు, నేను లెట్రోజోల్ తరగతి వైపే మొగ్గుతాను. అయితే ఎముకల సాంద్రత పరీక్ష చేయించి, కాల్షియం, విటమిన్ డి సరిచూసుకున్నాకే మొదలుపెట్టాలి.