పాత కాగితాల్లో తెలియని మనిషి: రిజిస్ట్రార్ ఆఫీసు నకలు ఎంతవరకు పనికొస్తుంది?

మా అనంతపురం వైపు చాలా ఇళ్లలో భూమి కాగితాల్లో ఎవరికీ తెలియని పేరొకటి కనిపిస్తుంది. ఇంటిపేరు వేరు, భూమి మాత్రం ఇంటిదే. ఆ మనిషి ఎవరో తేల్చుకోవడానికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చే పాత దస్తావేజు నకలును మించింది లేదు. నకలుకు మంచి మార్కులే వేస్తాం. వెతికిపెట్టే పనికి వేయలేం, వివరాలన్నీ మనమే పట్టుకుపోవాలి.

ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుదైతే ఆఫీసులో పుస్తకాలు తీయించాల్సిందే. దరఖాస్తులో గ్రామం, సర్వే నంబరు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా అన్నది రాయండి. రీసర్వే అయిన ఊళ్లలో కొత్త ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబరు రాస్తే ‘నిల్’ అని చేతిలో పెడతారు, ఎందుకంటే ఆ పుస్తకాల్లో ఉన్నది పాత సర్వే నంబరు. అది పాత అడంగల్‌లో (ఊరి సాగు లెక్కల పుస్తకంలో) దొరుకుతుంది. అందులో ఏడు ఫస్లీలో (పాత రెవెన్యూ లెక్కలో) ఉంటే 590 కలపండి: ఫస్లీ 1340 అంటే 1930 జులైలో మొదలైన ఏడు.

నంబరు దొరక్కపోతే పేర్ల ఇండెక్సు అడగండి. ఫీజు కడితే ఎవరికైనా చూపించాలి. ఇంటిపేరుతో ఒకసారి, ఉట్టి పేరుతో ఒకసారి వెతకండి. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. రాసినవారు పోయాక ఎవరడిగినా నకలు ఇస్తారు.

నకలు రాగానే పేరు చూసి మడిచేయొద్దు. ‘సంక్రమించిన’ అన్న మాటున్న వాక్యం చదవండి. ‘నా మాతామహుని వలన సంక్రమించిన’ అని, అంటే తల్లి తండ్రి నుంచి వచ్చిందని ఉంటే, రాసినాయన ఆ ఇంటి కూతురి కొడుకు. మామగారి నుంచి వచ్చిందని ఉంటే ఇల్లటపు (ఇల్లరికపు) అల్లుడేమో చూడండి. మన సీమ రెడ్ల ఇళ్లలో ఇల్లటపు అల్లుడికి కొడుకుతో పాటు భాగం వచ్చేది, ఇంటిపేరు మాత్రం తన పుట్టింటిదే. వంశవృక్షంలో అతకని పేర్లలో చాలావరకు ఇక్కడే తేలతాయి.

తర్వాత చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు, చూడండి. తూర్పు హద్దులోనో పడమటి హద్దులోనో అదే తండ్రి పేరుతో ఇంకొకరుంటే వాళ్లు భాగాలు పంచుకున్న అన్నదమ్ములు కావచ్చు. ఆ పక్క నంబరుకూ ఈసీ తీయించండి.

టైపు చేసిన నకలు వద్దు, అసలు పేజీ జిరాక్సే అడగండి. గొలుసుకట్టు రాతలో వెంకటప్ప వెంకటమ్మ అయిపోతుంది, దాంతో వెతుకులాటంతా దారి తప్పుతుంది. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. అంతకు ముందటి రెవెన్యూ కాగితాలైతే బళ్లారి జిల్లా పేరు కింద అడగాలి.