కాజీపేట ఉర్సులో ఖవ్వాలీ: ఏ రాత్రి వెళ్లాలి, ఎక్కడ కూర్చోవాలి

కాజీపేటలో హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ దర్గా ఉర్సు, అంటే ఆ సూఫీ గురువు వర్ధంతి ఉత్సవం, హిజ్రీ క్యాలెండర్‌లోని సఫర్ నెల 26, 27, 28 తేదీల్లో జరుగుతుంది. మొదటి రోజు గంధం, రెండో రోజు ఉర్సు, మూడో రోజు బదావా, అంటే ముగింపు వేడుక. తేదీ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. హిజ్రీ లెక్కలో రోజు పొద్దుగూకగానే మొదలవుతుంది కాబట్టి 26వ తేదీ రాత్రి అనేది మన లెక్కలో ముందు రోజు సాయంత్రమే వచ్చేస్తుంది. పైగా నెలవంకను బట్టి ఒకరోజు అటో ఇటో అవుతుంది. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి నిరుటి తేదీ ఈ ఏడాదికి పనికిరాదు. వారం ముందే దర్గా వాళ్లను అడిగి, ఏ రాత్రిని ఏమంటున్నారో తెలుసుకుని గది మాట్లాడుకోవాలి. అది కూడా ఒక రాత్రికి కాదు, రెండు రాత్రులకు.

రైలే సుఖం. సికింద్రాబాద్ నుంచి కాజీపేట 132 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్ అయితే రెండు గంటల పైచిలుకు. కాజీపేట జంక్షన్‌లోనే బల్లార్షా లైను, విజయవాడ లైను విడిపోతాయి. సికింద్రాబాద్ నుంచి బల్లార్షా మీదుగా ఢిల్లీ వైపు పోయే బండ్లు వరంగల్ స్టేషన్ ముఖం చూడవు, అందుకే టికెట్ కాజీపేటకే తీసుకోవాలి. బస్సులో వచ్చేవాళ్లు హన్మకొండలో దిగి ఆటో ఎక్కాలి. ఉర్సు రోజుల్లో దర్గా చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారు, చివరి దూరం నడకే. కారులో వచ్చినా తప్పదు.

బసకు రెండే దారులు. స్టేషన్ దగ్గరి చిన్న లాడ్జీలు నడక దూరంలో ఉంటాయి కానీ ఆ మూడు రోజులు ముందే నిండిపోతాయి, అరుపులకు నిద్ర పట్టదు. హన్మకొండ నక్కలగుట్టలోని పర్యాటక శాఖ హరిత హోటల్, బస్టాండు చుట్టూ ఉన్న హోటళ్లు నిమ్మళం. చిక్కల్లా రాత్రి రెండింటికి వెనక్కి రావడమే. ఆ వేళ ఆటోవాళ్లు అడిగిందే రేటు, కాబట్టి పోయేటప్పుడే రానుపోను మాట్లాడుకోవాలి. గది 24 గంటల లెక్కా, మధ్యాహ్నం పన్నెండుకే ఖాళీ చేయాలా అన్నది కూడా ముందే అడగాలి. తెల్లవార్లూ మేల్కొని వచ్చినవాడికి పన్నెండు గంటల చెకౌట్ ఒక శిక్ష.

అసలు విషయం ఖవ్వాలీ, అంటే సూఫీ భక్తి గానం. ఉర్సుల్లో అది రెండు రకాలుగా వినబడుతుంది. ఒకటి షామియానా కింద, లైట్లు, పెద్ద స్పీకర్లతో జరిగే కార్యక్రమం. రెండోది మజార్‌కు (సమాధికి) దగ్గరగా, పెద్దల ముందు చిన్న గుంపుగా కూర్చుని జరిపే మహ్ఫిల్-ఎ-సమా, అంటే పాట వినే కొలువు. వీలైతే రెండోదే వినాలి. కళ తెలిసేది అక్కడే. పెద్ద వేదిక మీద గాయకుడు చేయి పైకెత్తి, తాన్ వేసి, జనం వైపు చూస్తాడు. చిన్న మహ్ఫిల్‌లో ఆ చూపే ఉండదు. ముందు పాడేవాడు, వెనక చప్పట్లతో అందుకునేవాళ్లు, హార్మోనియం, ఢోలక్, తబలా అందరూ కలిపి ఎనిమిది పదిమందే. అక్కడ గొంతు ఎంత గొప్పదైనా మాట కంటే ముందుకు రాకూడదు.

ఎవరికైనా హాల్ (భక్తి పారవశ్యం) వస్తే చూడండి. ఒక చరణం దగ్గర ఒక పెద్దాయన కదిలిపోయి లేచి నిలబడ్డాడనుకోండి, గాయకుడు తర్వాతి చరణానికి పోడు. ఆ ఒక్క పంక్తినే తిప్పి తిప్పి అంటాడు, ఢోలక్ అదే నడక పట్టుకుంటుంది, వెనకవాళ్లు అదే మాట అందుకుంటారు. ఆయన నెమ్మదించి కూర్చునేదాకా అంతే, పది నిమిషాలైనా సరే. తాను సిద్ధం చేసుకున్న గిరహ్‌లూ (పాట మధ్యలో చేర్చే వేరే పద్యాలు) సర్గమ్‌లూ (స్వరాలు) అన్నీ పక్కన పెట్టాల్సిందే. ఇలా ఆగగలగడం నేర్చుకోవడమే కష్టమని ఆ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. గొంతు రియాజ్‌తో (సాధనతో) వస్తుంది, ఈ ఓపిక మాత్రం మహ్ఫిల్‌లో కూర్చుంటేనే వస్తుంది. బహదూర్ షా జఫర్ కొలువు గాయకుడు తాన్‌రస్ ఖాన్ పరంపర హైదరాబాద్‌లో వార్సీ సోదరుల దాకా వచ్చింది. అక్కడా పిల్లలు మొదట వెనక వరసలో చప్పట్లు కొడుతూనే మొదలుపెడతారు.

ఖవ్వాల్‌కు, అంటే గాయకుడికి, ఇచ్చే కానుక నజరానా కూడా అలాంటిదే. మహ్ఫిల్‌లో నోటు తీసుకుపోయి గాయకుడి మీద వేయరు. రెండు చేతులతో సజ్జాదా నషీన్ (దర్గా పీఠాధిపతి) ముందో, అక్కడ కూర్చున్న పెద్ద ముందో పెడతారు, ఆయన చేతి మీదుగా అది ఖవ్వాల్‌కు చేరుతుంది. పెద్ద వేదిక దగ్గర నోట్లు వెదజల్లేవాళ్లు కనిపిస్తారు. వాళ్లను చూసి ఇక్కడా అదే చేస్తే పక్కవాళ్ల ముఖాలు మాడిపోతాయి. తల మీద టోపీ లేకపోతే దస్తీ కట్టుకుంటే చాలు. కాళ్లు చాపకూడదు, మోకాళ్ల మీద కూర్చోవడమే మర్యాద. అలవాటు లేనివాళ్లు గోడ పక్కన చోటు చూసుకుంటే మేలు. పాట నచ్చిందని చప్పట్లు కొట్టొద్దు, ఆ చప్పట్లు తాళం వేసేవాళ్లవి. అజాన్ మొదలైతే వాద్యాలన్నీ ఆగిపోతాయి, కార్యక్రమం అయిపోయిందని లేచిపోకండి.

ఇషా (రాత్రి) నమాజు అయ్యాక గానీ గొంతులు లేవవు. పది, పదకొండు దాటుతుంది. మొదట హమ్ద్ (అల్లా స్తుతి), తర్వాత నాత్ (ప్రవక్త స్తుతి), ఆ తర్వాత మన్‌ఖబత్ (సూఫీ గురువుల స్తుతి). చిష్తీ అనే సూఫీ శాఖ పద్ధతి మహ్ఫిల్ అయితే చివర్లో కవి అమీర్ ఖుస్రో పాట 'రంగ్' అందుకుంటారు, అప్పుడు అందరూ లేచి నిలబడతారు. చివరి బండి కోసం మధ్యలో లేచి పోయేవాళ్లకు దక్కనిది ఇదే.

ఈ మధ్య సంవత్సరాల్లో ఉర్సు వానాకాలంలో పడుతోంది. తేమకు ఢోలక్ చర్మం వదులై ఎడమవైపు గుమ్‌గుమ్ మందగిస్తుంది. వాద్యగాడు పాటకీ పాటకీ మధ్య తాళ్ల మీది కడియాలు బిగిస్తూనే ఉంటాడు. అది తొందరపాటు కాదు, శ్రుతి నిలబెట్టుకోవడం. షామియానా కింద మైకులో ఎకో పెంచేస్తే ఉర్దూ అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. స్పీకర్ ఎదురుగా కాకుండా గాయకుల పక్కవరసలో, చెవి నేరుగా గొంతుకు అందేచోట కూర్చోండి. మూడో రోజు బదావాలో రిఫాయీ శాఖ ఫకీర్లు దఫ్ (డప్పు లాంటి వాద్యం) వాయిస్తూ జర్బ్ చూపిస్తారు, అంటే ఇనుప చువ్వలు ఒంట్లోకి దూరుస్తారు. చిన్నపిల్లలతో వచ్చినవాళ్లు ఆ వేళకు పక్కకు తప్పుకోవచ్చు.

ఇంకో రోజు ఉంటే పర్వతగిరి మండలంలోని అన్నారం షరీఫ్ వెళ్లొచ్చు. కానీ పాట కోసం మాత్రం కాదు. అక్కడి దర్గాలోని యాకూబ్ షావలీ బాబా దగ్గరికి వచ్చేది ఎక్కువగా మొక్కులవాళ్లు, కందూరు (మేకను కోసి వండి పెట్టే మొక్కు) చేసేవాళ్లు. శుక్ర, ఆదివారాల్లో పొయ్యిల పొగ, మేకల అరుపులు, జనం. వరంగల్ పల్లెల్లో యాకయ్య, యాకమ్మ అన్న పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. కందూరు చేయకపోతే మామూలు రోజు పొద్దున్నే వెళ్లి పది గంటలకల్లా తిరిగొచ్చేయొచ్చు.

వరంగల్ కరీమాబాద్‌లోని మాషూఖ్ రబ్బానీ దర్గా వీటన్నింటి కంటే నిశ్శబ్దం. ఆ పేట పేరే ఉర్సు. దసరాకు రావణవధ జరిగే ఉర్సుగుట్ట మైదానం కూడా ఆ పక్కనే. వరంగల్ స్టేషన్ నుంచి ఆటోలో కాసేపే. సాయంత్రం ఊదు పొగ తేలుతుండగా పది నిమిషాలు కూర్చుని, చీకటి పడకముందే కాజీపేట దారి పడితే రాత్రి మహ్ఫిల్‌లో గోడ పక్కన చోటు దొరుకుతుంది.