మా ఆయన టికెట్లు, మా కారు ఇన్సూరెన్స్: ఏది మేలు?

మేముండేది టెక్సాస్‌లో, అర్వింగ్‌లో. కారు మా ఆయన పేరు మీద ఉంది. రెండున్నరేళ్ళలో ఆయనకి రెండు స్పీడింగ్ టికెట్లు, ఒక యాక్సిడెంట్. యాక్సిడెంట్‌లో తప్పు ఆయనదే, సిగ్నల్ దగ్గర ముందు కారుని గుద్దారు. రెన్యువల్ కాగితంలో ప్రీమియం చూసి ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. నాకు ఒక్క టికెట్ కూడా లేదు కాబట్టి, పాలసీ నా పేరు మీద తీసుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను.

సరిపోదు. టైటిల్ (కారు ఎవరిదో చెప్పే కాగితం) ఎవరి పేరున ఉంటే వాళ్ళు పాలసీలో ఉండాలని చాలా కంపెనీలు అంటాయి. టైటిల్ మార్చడం కష్టమేమీ కాదు, భార్యాభర్తల మధ్య గిఫ్ట్ కింద రాస్తే ఇక్కడ ట్యాక్స్ 10 డాలర్లే (లోన్ ఉంటే మాత్రం బ్యాంకు ఒప్పుకోవాలి). కానీ ఇంట్లో డ్రైవ్ చేసే వయసున్న వాళ్ళందరి పేర్లూ ఎలాగూ అడుగుతారు. ఆయన పేరు దాచిపెడితే క్లెయిమ్ రోజున అది బయటపడుతుంది. అప్పుడు కట్టిన ప్రీమియం అంతా దండగే.

ఏజెంట్ ఇంకో దారి చెప్పాడు. టైటిల్, పాలసీ రెండూ నా పేరుకి మార్చి, ఆయన్ని ఎక్స్‌క్లూడ్ చేయడం, అంటే ఆయన నడిపితే కవరేజీ లేదని పాలసీలో రాయించడం. దానికి 515ఏ అని ఒక ఫారం, కింద సంతకం పెడితే చాలు. కోట్ (కంపెనీ చెప్పే ప్రీమియం) దాదాపు సగానికి పడింది. నిజం చెప్పొద్దూ, పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. "మరి రాత్రి పాపకి జ్వరమొచ్చి, నేను ఊళ్ళో లేకపోతే?" అని అడిగాను. ఆయన స్టీరింగ్ పట్టుకుంటే ఆ ట్రిప్పుకి ఇన్సూరెన్స్ లేనట్టేనట. మా కారుకీ రాదు, అవతలి వాళ్ళకీ రాదు. పోలీసులు ఆపితే, ఇన్సూరెన్స్ లేకుండా నడిపినందుకు మొదటిసారైనా ఫైన్ 175 నుంచి 350 డాలర్లు. పాల గ్యాలన్‌కి కూడా కారు తీయాల్సిన ఊరు ఇది. ఎప్పుడూ నడపను అని ఆయన మాటిచ్చినా నేను నమ్మను. రోజూ రైల్లో ఆఫీసుకెళ్ళి, అసలు కారు జోలికే పోని మనిషైతే ఈ దారి బాగానే ఉంటుంది.

రెండు కార్లుంటే వేర్వేరు పాలసీలు తీసుకోవచ్చు. కానీ ఒకే ఇంట్లో ఉంటే రెండు కంపెనీలూ రెండో మనిషి సంగతి అడుగుతాయి, రెండు కార్లకీ కలిపి ఇచ్చే డిస్కౌంట్ పోతుంది. మాకున్నది ఒక్క కారే, అందుకని దీని మీద ఎక్కువ ఆలోచించలేదు.

చివరికి ఒకే పాలసీలో ఇద్దరి పేర్లూ పెట్టించాం. ఖరీదే. డిడక్టబుల్ (క్లెయిమ్‌లో ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన సొమ్ము) 500 నుంచి 1000 డాలర్లకి పెంచితే ప్రీమియం కొంత దిగింది. లయబిలిటీని (మన తప్పుతో అవతలి వాళ్ళకి జరిగే నష్టానికి ఇచ్చే కవరేజీ) మాత్రం ముట్టుకోలేదు. టెక్సాస్‌లో కనీసం ఉండాల్సింది 30/60/25, అంటే ఒక మనిషి గాయాలకి 30 వేలు, మొత్తం గాయాలకి 60 వేలు, అవతలి వాళ్ళ ఆస్తికి 25 వేల డాలర్లు. ఇక్కడ రోడ్ల మీద తిరిగే ట్రక్కుల్లో ఒక్కటి నుజ్జయితే ఆ 25 వేలు ఏ మూలకి? గుద్దే అలవాటున్న మనిషి ఇంట్లో ఉన్నప్పుడు తగ్గించుకోకూడనిది అదే.

నాకు ఇంకా కడుపు మండే విషయం రెండో టికెట్. అది లిమిట్ కంటే 12 మైళ్ళ స్పీడుకి వచ్చింది. గడువు తేదీలోపు కోర్టుని అడిగి, ఆరు గంటల డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు చేసుంటే కొట్టేసేవాళ్ళు, రికార్డుకెక్కేది కాదు. పన్నెండు నెలలకోసారి ఆ వీలుంది, లిమిట్ మీద స్పీడు 25 మైళ్ళకి తక్కువైతే. మా ఆయన "పనైపోతుంది" అని ఆన్‌లైన్‌లో ఫైన్ కట్టేశారు. కట్టేస్తే కోర్టు లెక్కలో తప్పు రుజువైనట్టే.

మొదటి టికెట్‌కి మార్చిలో మూడేళ్ళు నిండుతాయి. మా కంపెనీ మూడేళ్ళ వరకే లెక్కలోకి తీసుకుంటుందట. ఆ వారం మళ్ళీ నాలుగు చోట్ల కోట్ అడగాలని రిమైండర్ పెట్టాను. నా ఫోన్లోనే, ఆయన ఫోన్లో కాదు.