పాత దాగలి కొంటున్నారా? ఉక్కు గోళీ జేబులో లేకుండా డబ్బు ఇవ్వకండి

ఒహాయోలో కొలంబస్, డేటన్, సిన్సినాటి చుట్టుపక్కల ఉంటూ సరదాగా కమ్మరం నేర్చుకుంటున్న మనవాళ్లకూ, పాత దాగలి కోసం ఆన్‌లైన్ ప్రకటనలు వెతుకుతున్న అందరికీ ఈ పోస్టు. రెండు వారాల క్రితం 1,150 డాలర్లు పెట్టి ఒక దాగలి కొన్నాను. అది కొలిమి పనికి పనికిరాదని మర్నాడే తెలిసింది. డబ్బు తిరిగి రాలేదు, ఇక రాదు. కనీసం మీలో ఒక్కరి డబ్బయినా మిగలాలని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. దాగలి అంటే కమ్మరి ఎర్రగా కాల్చిన ఇనుమును పెట్టి సుత్తితో కొట్టే దిమ్మ. కొన్ని ఊళ్లలో పట్టెడ అంటారు. ఇక్కడ దొరికే పాతవాటికి ఒక పక్క కొమ్ము, పైన చదునైన మొహం, తోక దగ్గర ఒక చదరపు రంధ్రం, ఒక గుండ్రటి బెజ్జం ఉంటాయి. వందేళ్ల నాటివి ఇప్పటికీ పనిచేస్తున్నాయి. అందుకే వాటికి అంత గిరాకీ.

ప్రకటనలో ఇలా ఉంది: పీటర్ రైట్ దాగలి, 210 పౌండ్లు, మొహం శుభ్రం చేయించాం, బాగా మోగుతుంది. పీటర్ రైట్ అంటే ఇంగ్లండ్‌లోని డడ్లీలో తయారైన పేరున్న సరుకు. ఫొటోల్లో నల్లగా నిగనిగలాడుతోంది, మొహం అద్దంలా ఉంది. ఆరు నెలలుగా వెతుకుతున్నానేమో, చూడగానే ఆగలేకపోయాను. మా ఇంటి నుంచి రెండు గంటల దూరం. శనివారం సాయంత్రం వెళ్లేసరికి చీకటి పడింది. గ్యారేజీలో ఒక్క బల్బు వెలుగుతోంది. అమ్మే మనిషి మర్యాదగా మాట్లాడాడు, తనే సుత్తి తెచ్చి చేతికిచ్చాడు. కొట్టాను. గుడిగంటలా ఖంగుమంది. మోగితే మంచి దాగలి అని నేను అక్కడా ఇక్కడా చదివి ఉన్నాను. ఇంకో అరగంటలో మరొకాయన నోట్లు పట్టుకుని వస్తున్నాడని చెప్పాడు. ఆ మాటతో నాకు టెన్షన్ మొదలైంది. మొహం మీదకు వదిలి ఎంత పైకి లేస్తుందో చూసే పరీక్ష కోసం కొన్న ఉక్కు గోళీ ఇంట్లో సొరుగులో ఉండిపోయింది. అది లేకుండానే ఫోన్‌లో డబ్బు పంపేశాను. ఇద్దరం కలిసి కారులోకి ఎక్కించాం.

మర్నాడు దాన్ని మొద్దు మీద బిగించి కొలిమి వెలిగించాను. నాలుగో దెబ్బకి సుత్తి జారి మొహం మీద పడింది. గోరంత గుంట పడింది. మంచి దాగలి మీద కూడా సుత్తి అంచు బలంగా తగిలితే గీత పడొచ్చు, అది నాకు తెలుసు. కానీ ఇది గీత కాదు, పచ్చి మట్టిలో వేలు నొక్కినట్టు గుంట. అప్పుడు గోళీ తీశాను. పది అంగుళాల ఎత్తు నుంచి వదిలితే మూడు అంగుళాలు పైకి లేచింది. నాలుగు చోట్ల చూశాను. మూడు, మూడు, రెండున్నర, మూడు. మంచి దాగలి మీద ఇదే గోళీ ఎనిమిది, తొమ్మిది అంగుళాలు లేవాలి.

తర్వాత బాత్రూమ్ తూకం మీద పెడితే 177 పౌండ్లు చూపించింది. 210 ఎక్కడ, 177 ఎక్కడ? పక్కన ఉన్న పెయింటు గీకితే విషయం తెలిసింది. నడుం మీద మూడు అంకెలున్నాయి: 1, 2, 10. పెయింటు నిండిపోయి ఆ మొదటి ఒకటి కనబడలేదు, మిగతావి చూసి 210 అనుకోవడం తేలిక. పాత ఇంగ్లిష్ దాగళ్ల మీద బరువును హండ్రెడ్‌వెయిట్ లెక్కలో కొడతారు. మొదటి అంకెను 112తో, రెండోదాన్ని 28తో గుణించి మూడోది కలపాలి. అంటే 112, 56, 10 కలిపి 178 పౌండ్లు. ఈ లెక్కలో రెండో అంకె ఎప్పుడూ 3 దాటదు, మూడోది 27 దాటదు. ఇది గుర్తుపెట్టుకుంటే చాలు, ఎవరూ బరువులో మోసం చేయలేరు. హే-బడెన్, ట్రెంటన్ లాంటి అమెరికన్ దాగళ్ల మీద మాత్రం నేరుగా పౌండ్లే ఉంటాయి.

నలభై ఏళ్లుగా కొలిమి పని చేస్తున్న ఒక పెద్దాయన నాకు పరిచయం. ఆయన్ని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన ముందు ఆకురాయి తీసి మొహం అంచున ఒక్కసారి రుద్దాడు. పదునున్న, అంటే గట్టిపరచిన, ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి. ఇక్కడ వెన్నలా కోసుకుంటూ పోయింది. కొమ్ము కింద పెయింటు గీకితే పొలుసులు పొలుసులుగా ఉన్న మందపాటి నల్లటి పొర బయటపడింది. ఇది మంటల్లో పడిన దాగలి అని అప్పుడు చెప్పాడు. ఒహాయోలో పాత చెక్క కొట్టాలు, షెడ్లు తగలబడితే అందులోని దాగలి గంటల తరబడి నిప్పుల్లో కాలి, మెల్లగా చల్లారుతుంది. ఉక్కుకి పదును పోవడానికి అంతకంటే ఏం కావాలి? మన కమ్మరులు మెత్తబరచాలంటే చేసే పని కూడా అదే కదా, బాగా కాల్చి బూడిదలో చల్లారనివ్వడం.

మరి ఎందుకు మోగింది? ఇదే నాకు తెలియక మునిగాను. మోత చెప్పేది ఒక్కటే: లోపల పగుళ్లు లేవు, పై ఉక్కు పలక ఒంటికి గట్టిగా అతికే ఉంది అని. ఆ పలక గట్టిగా ఉందో మెత్తగా ఉందో మోత చెప్పదు. మంటల్లో కాలినది కూడా ఖంగుమనే మోగుతుంది. ఇంకో పక్క, న్యూజెర్సీలోని ట్రెంటన్ ఊళ్లో చేసిన ఫిషర్ దాగళ్లు అసలు మోగవు. వాటికి ఒళ్లు పోత ఇనుము, మొహం ఉక్కు. కొడితే టక్కుమంటాయి అంతే. అవి మంచి దాగళ్లు, ఇరుగుపొరుగు ఉన్న ఇళ్లలో మోత లేకపోవడం వరం కూడా. మోగలేదని వాటిని వదిలేసి, మోగిందని నాలాంటి సరుకు కొనేవాళ్లు చాలామంది ఉన్నారు.

మొహం శుభ్రం చేయించాం అన్న మాట గురించి కూడా చెప్పాలి. పెద్దాయన పక్కనుంచి టార్చ్ వేసి చూపించాడు, లోహాన్ని చెక్కే మిల్లింగ్ యంత్రం వదిలిన గుండ్రటి గీతలు మొహమంతా ఉన్నాయి. ఈ పాత దాగళ్లకు మెత్తటి ఇనుప ఒంటి మీద సుమారు అర అంగుళం ఉక్కు పలక అతికి ఉంటుంది. పని చేసేది ఆ పలకే. చదును చేసే పేరుతో దాన్ని చెక్కితే ఆయుష్షు చెక్కినట్టే. నా దాని మీద పావు అంగుళమే మిగిలింది. నూరేళ్ల దాగలికి అంచులు కత్తిలా పదునుగా, మొహం అద్దంలా ఉంటే సంతోషించకండి, అనుమానించండి. కాస్త అరిగిపోయిన అంచులు, గోధుమ రంగు తుప్పు, మధ్యలో కొంచెం పల్లం ఉన్నదే నిజాయితీ సరుకు. కొత్తగా నల్ల పెయింటు పూసి ఉంటే ఎందుకు పూశారని అడగండి.

మళ్లీ పదును పెట్టించొచ్చు కదా అని ఇంట్లో అడిగారు. 178 పౌండ్ల దిమ్మను మొత్తం ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా ధారగా నీళ్లు కొట్టి చల్లార్చాలి. అంత మంట, అంత నీళ్లు, ఎత్తే క్రేన్ ఎవరి దగ్గరున్నాయి? తేడా వస్తే పలక పగులుతుంది, లేదా ఊడుతుంది. పెద్దాయన వద్దన్నాడు, నేను విన్నాను.

అమ్మినతనికి ఫొటోలు, వీడియో పెట్టాను. కొట్టి చూసుకునే కదా తీసుకెళ్లావు అని ఒక జవాబు వచ్చింది, తర్వాత బ్లాక్ చేశాడు. అతనికి మంట సంగతి తెలుసో తెలియదో నేను చెప్పలేను. చేతికి చేయి కొన్న వస్తువుకి, ఫోన్‌లో నేరుగా పంపిన డబ్బుకి ఎవరూ పూచీ ఉండరు. బ్యాంకు వాళ్లు కూడా మీరే పంపారు కదా అన్నారు.

ఇక ధరలు. ఏడాదిన్నరగా ఈ చుట్టుపక్కల నేను చూస్తున్నవి చెబుతాను. ఇక్కడ దాగలిని పౌండు లెక్కన బేరం చేస్తారు. అంచులు విరిగి, మొహం అరిగినా పనికొచ్చే పాతవి పౌండుకు 3, 4 డాలర్లు. పేరున్న కంపెనీది, గోళీ బాగా లేచేది అయితే 5 నుంచి 8. అంతకు మించి అడిగేవాళ్లూ ఉన్నారు, కానీ అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. ఇరవై ఏళ్ల కిందట పౌండు ఒకటి రెండు డాలర్లకే దొరికేవని పాతవాళ్లు చెబుతారు. 2015లో టీవీలో కత్తుల తయారీ పోటీ మొదలయ్యాక కొత్తగా నేర్చుకునేవాళ్లు పెరిగారు, పాత దాగళ్లు మాత్రం పెరగవు కదా. నేను 210 పౌండ్లనుకుని ఐదున్నర చొప్పున ఇచ్చానని సంబరపడ్డాను. అసలు బరువుకు లెక్కేస్తే దాదాపు ఆరున్నర పడింది. మెత్తబడిన దాగలికి పెద్దాయన కట్టిన ధర పౌండుకు రెండు డాలర్లు కూడా లేదు.

కొత్తవి కొనాలంటే, అమెరికాలో పోతపోసే ఉక్కు దాగళ్లు, జర్మనీలో ఫోర్జ్ చేసే (కాల్చి కొట్టి తయారుచేసే) పెడింగ్‌హాస్ లాంటివి పౌండుకు 7 నుంచి 12 డాలర్ల దాకా పడుతున్నాయి, రవాణా ఖర్చు వేరే. చైనా నుంచి వచ్చే పోత ఉక్కువి రెండు మూడు డాలర్లకే దొరుకుతాయి, మొదలుపెట్టేవాళ్లకు వాటిలో కొన్ని ఫరవాలేదు. కానీ ప్రకటనలో పోత ఉక్కు అని రాశారా, పోత ఇనుము అని రాశారా అన్నది రెండుసార్లు చదవండి. మొహం కూడా పోత ఇనుమే అయిన దిమ్మకు దాగలి ఆకారం తప్ప ఇంకేమీ ఉండదు. గోళీ లేవదు, అంచులు పెళుసుగా విరుగుతాయి. ఎంత చవకైనా వద్దు. నూరు పౌండ్ల దాగలి 59 డాలర్లకే, రవాణా ఉచితం అని కనబడే వెబ్‌సైట్లు పూర్తిగా మోసం. అంత బరువును పంపడానికే ఆ డబ్బు చాలదు. మా మిత్రుడొకాయన వేరొక ప్రకటనకు అడ్వాన్సుగా 200 డాలర్లు పంపితే, ఆ ఫొటో ఇంకెవరిదో అని తర్వాత తేలింది. వస్తువు కళ్లారా చూడకుండా ఒక్క డాలరు కూడా పంపకండి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు పగలే వెళ్లండి. ఒక అంగుళం ఉక్కు గోళీ, ఒక స్కేలు, టార్చ్, చిన్న ఆకురాయి, బాత్రూమ్ తూకం వెంట ఉండాలి. అన్నీ కలిపినా తక్కువ ఖర్చే. గోళీని మొహం మీద ఐదారు చోట్ల, ముఖ్యంగా నడుం పైన వదలండి. పదికి ఎనిమిది లేస్తే మంచిది, ఏడు ఫరవాలేదు, ఐదు కన్నా తక్కువైతే దండం పెట్టి వచ్చేయండి. తోక వైపు రంధ్రాల దగ్గర కొంచెం తక్కువ లేవడం మామూలే. ఒక్కచోటే టప్పున పడిపోతే అక్కడ పలక కింద అతుకు ఊడిందని అనుమానించాలి, మోత తేడా కూడా అక్కడే వినబడుతుంది. అమ్మేవాళ్లు ఆకురాయి పెట్టనివ్వకపోతే గొడవ వద్దు, కానీ గోళీ కూడా వేయనివ్వనంటే ఆ బేరం అక్కడితో ఆపేయండి. ఇంకొకరు వస్తున్నారని చెబితే, రానివ్వండి.

నాకు చాలా ఆలస్యంగా తట్టిన సంగతి ఒకటుంది. మా తాతయ్య ఊళ్లో నాగలి కర్రులు, కొడవళ్లు, గునపాలు చేసిన దాగలికి కొమ్ము లేదు, తోక లేదు. తుమ్మ మొద్దులోకి దిగ్గొట్టిన చదరపు ఇనుప దిమ్మ అది, పైకి కనిపించేది నా రెండు గుప్పిళ్లంత. కింద కూర్చుని జీవితమంతా దాని మీదే పనిచేశారు. నేర్చుకునేవాళ్లకు 200 పౌండ్ల పీటర్ రైట్ అవసరం లేదు. పాత ఇనుము కొట్లో నాలుగంగుళాల చదరపు ఉక్కు దిమ్మో, నిలువుగా నిలబెట్టడానికి రైలు పట్టా ముక్కో పౌండు డాలరు చొప్పున అడిగితే ఇస్తారు. ఇప్పుడు నేను అలాంటి దిమ్మ మీదే పనిచేస్తున్నాను, గోళీ ఆరంగుళాలు లేస్తోంది.

పెద్దదే కావాలంటే ఒహాయోలో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. ట్రెంటన్ (ఇక్కడ ఊరు కాదు, దాగలి పేరు), ఆర్మ్ అండ్ హ్యామర్ దాగళ్లు ఒకప్పుడు మన కొలంబస్‌లోనే తయారయ్యాయి, ఇక్కడి పాత షెడ్లలో ఇంకా దొరుకుతాయి. ఏటా సెప్టెంబరులో ట్రాయ్‌లో క్వాడ్-స్టేట్ రౌండప్ అనే కమ్మరుల సంత జరుగుతుంది. అక్కడ పది దాగళ్లు పక్కపక్కన పెట్టుకుని గోళీ వేసి చూసుకోవచ్చు, చుట్టూ తెలిసినవాళ్లు ఉంటారు. నేను ఆ రెండు నెలలు ఆగి ఉండాల్సింది.

ఈ వారం మీలో ఎవరైనా దాగలి చూడ్డానికి వెళ్తుంటే కింద రాయండి. శని, ఆదివారాలు నేను ఖాళీనే, గోళీ, తూకం తీసుకుని వస్తాను. నా దాన్ని కొంటామని ఇప్పటికే ఇద్దరు అడిగారు. అమ్మేముందు పక్కన తెల్ల పెయింటుతో రాశాను: 178 పౌండ్లు, మంటల్లో పడింది, మొహం మెత్తన.