మోటర్‌హోమ్ వీ10 ఇంజిన్‌కు నికెల్ ప్లగ్గులా, ప్లాటినం ప్లగ్గులా?

అమెరికాలో తిరిగే పెద్ద పెట్రోల్ మోటర్‌హోమ్‌లలో (లోపలే ఇల్లులా ఉండే బండ్లు) చాలావాటికి ఫోర్డ్ 6.8 లీటర్ల వీ10 ఇంజిన్ ఉంటుంది. సిలిండర్లు పది, వాటిలో పెట్రోల్‌ను నిప్పురవ్వతో అంటించే స్పార్క్ ప్లగ్గులూ పదే.

ధర: నికెల్ చౌక. ప్లాటినం బాగా ఖరీదు, అదీ పదింటికి.

మన్నిక: నికెల్ దాదాపు 20–30 వేల మైళ్లు. ప్లాటినం లక్ష వరకు.

శ్రమ: అసలు తేడా ఇక్కడే, నికెల్ అయితే ఈ పని మాటిమాటికీ చేయాలి. డ్రైవర్ సీటు పక్కన ఇంజిన్ మీది మూత ఎత్తి, మోకాళ్ల మీద వంగి, వెనక ప్లగ్గులను చేత్తో తడిమి వెతకాలి. ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్‌ను ఒక్కొక్కటిగా తీశాక, ప్లగ్గు ఉన్న గుంటలోని ఇసుకను గాలితో ఊదాలి. లేకపోతే అది సిలిండర్‌లోకి జారుతుంది. నాలుగైదు ప్లగ్గులకే నడుము పట్టేస్తుంది.

ప్రమాదం: ఏది కొన్నా ఒకటే. సిలిండర్‌కు రెండు వాల్వులుండే పాత హెడ్డులో (సిలిండర్ల పైభాగం) ప్లగ్గు పట్టే మర చుట్లు తక్కువ, బిగింపు వదులైతే ప్లగ్గు ఎగిరిపోతుంది. తర్వాతి మూడు వాల్వుల హెడ్డులో పాత ప్లగ్గు తీసేటప్పుడు విరిగి, సగం లోపలే ఉండిపోవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టండి, బిగించడానికి టార్క్ రెంచి (బిగింపు బలాన్ని కొలిచే పానా) వాడండి.

త్వరలో అమ్మేసే బండికి నికెల్ చాలు. ఏడాదికి మూడు వేల మైళ్లే తిరిగితే అవే ఏడెనిమిదేళ్లు వస్తాయి. దేశం ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగేవారు మాత్రం ప్లాటినమే వేయించుకోవాలి. నేనైతే ఆ మూత రెండోసారి ఎత్తే ఓపిక లేక దాన్నే కొంటాను.