బెంగళూరు హోటళ్లు, టిప్పు లెక్కలు

బెంగళూరులో మనవాళ్లకు భాషతో పెద్దగా ఇబ్బంది ఉండదు. ఆటో ఎక్కినా హోటల్లో కూర్చున్నా తెలుగు అర్థమయ్యే మనిషి ఒకరు దొరుకుతారు. చిక్కంతా బిల్లు వచ్చాకే. అక్క, బావగారు, నేను కలిసి చేసిన ఈ ప్రయాణంలో దోసె రుచి మీద మాకు ఒక్క తగవూ రాలేదు. టిప్పు మీద మాత్రం రోజూ వచ్చింది. బావగారి చెయ్యి పెద్దది, ఎక్కడ తిన్నా వంద నోటు పెట్టి లేస్తారు. అక్కది మరో వాదం: "తిండికి మనం డబ్బిచ్చాం, పనికి యజమాని జీతమిచ్చాడు. మధ్యలో ఇదేమిటి?" నాకు ఇద్దరి మాటా నచ్చలేదు. నిలబడి తినే చోటు, ఆకు వేసి వడ్డించే చోటు, చీకట్లో కూర్చోబెట్టి ఫోర్కు చేతికిచ్చే చోటు, అన్నీ ఉన్న ఊరు ఇది. అన్నింటికీ ఒకే లెక్క ఎలా కుదురుతుంది?

ముందు తేలికైనవి. 1980లలో జయనగర్‌లో మొదలై ఊరంతా పాకిన దర్శినుల్లో, అంటే నిలబడి తినే చిన్న హోటళ్లలో, టిప్పు ప్రసక్తే లేదు. డబ్బు ముందే కట్టి, చీటీ తీసుకుని, పళ్లెం మనమే తెచ్చుకుని, గుండ్రటి బల్ల దగ్గర నిలబడి తిని, పళ్లెం మళ్లీ మనమే తొట్టిలో వేయాలి. శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్ 1965 నుంచి ఇలాగే నడుస్తోంది. ఇడ్లీ, వడ, ఖారాబాత్, కేసరిబాత్, కాఫీ, టీ. సాంబారు ఉండదు, చట్నీ మాత్రం ఎంత కావాలంటే అంత. ఆ చట్నీ పోసే మనిషికి ఊపిరి తీసుకునే తీరికే ఉండదు, టిప్పు ఇవ్వాలన్నా ఏ చేత్తో తీసుకుంటాడు? ఇలాంటి చోట్ల ఎవరికైనా ఇవ్వాలనిపిస్తే బల్లలు తుడిచే ఆమెకు ఇవ్వండి. ఎంగిలి ఎత్తే పని ఆమెది, అయినా ఆమె వైపు చూసేవాళ్లే ఉండరు. పది రూపాయలు ఇస్తే మొదట తీసుకోవడానికి తటపటాయించింది.

గాంధీ బజారులోని విద్యార్థి భవన్ సంగతి వేరు. 1943 నాటిది. శుక్రవారం సెలవు, ఆ రోజు వెళ్లి తలుపు చూసి రాకండి. ఆదివారం వెళితే పేరు రాయించుకుని వీధిలో నిలబడాలి. లోపల పంచె కట్టిన సర్వర్లు దోసె పళ్లేలను ఒకదాని మీద ఒకటి మోచేతి దాకా పేర్చుకుని బల్లల మధ్య నుంచి వస్తుంటే చూడాలి. దోసె మందంగా, పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంటుంది. నెయ్యి విషయంలో పిసినారితనం లేదు. తెలియనివాళ్లతో బల్ల పంచుకోవడం అక్కడ మామూలు. ఇక్కడ శాతాలు లెక్కపెట్టడం హాస్యాస్పదం. మనిషికి అయిదో పదో చొప్పున, ముగ్గురికి కలిపి ఇరవై, ముప్పై పెడితే చాలు. బావగారి వంద నోటు ఇక్కడ ఎక్కువే. అయితే ఆ సర్వరు దాన్ని తీసుకున్న తీరులో ఆశ్చర్యమూ లేదు, అతి వినయమూ లేదు. దోసె పళ్లెం పెట్టినంత మామూలుగా తీసుకుని వెళ్లిపోయాడు. ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చినవాటిలో అదొకటి.

చర్చి స్ట్రీట్‌లోని ఇండియా కాఫీ హౌస్‌లో అక్క వాదనకు అనుకోని చిక్కు వచ్చింది. కేంద్ర ప్రభుత్వ కాఫీ బోర్డు తన కాఫీ హౌసులు మూసేస్తున్న రోజుల్లో పని పోయిన ఉద్యోగులే సహకార సంఘాలు పెట్టుకున్నారు. వాటిలో మొదటిది 1957లో ఏర్పడింది ఈ బెంగళూరులోనే. ఈ కాఫీ హౌస్ ఎం.జి.రోడ్డులో దశాబ్దాలు నడిచి, 2009లో ఇప్పుడున్న చోటికి మారింది. సంఘం పనివాళ్లదే అయినప్పుడు "జీతమిచ్చే యజమాని" ఎవరు? అక్క కాసేపు ఆలోచించి, "అయితే ఇంకా అక్కర్లేదు, లాభమూ వాళ్లదేగా" అంది. నేను చిల్లర వదిలేశాను. తలపాగా పెట్టుకుని, తెల్లటి దుస్తుల్లో ఆ సర్వరు కాఫీ తెచ్చిన తీరుకు అది ఎక్కువేమీ కాదు. కాఫీ గొప్పదని మాత్రం అనలేను. వెళ్లేది కూర్చోవడానికి.

అసలు తలనొప్పి మన భోజన హోటళ్లలో ఉంది. రెసిడెన్సీ రోడ్డు, చర్చి స్ట్రీట్ చుట్టుపక్కల నాగార్జున, భీమాస్ లాంటి ఆంధ్ర హోటళ్లకు తెలుగువాళ్లకన్నా కన్నడిగులే ఎక్కువ వస్తారేమో అనిపిస్తుంది. కందిపొడి, నెయ్యి, ముద్దపప్పు, గోంగూర, మారు వడ్డన. అలాంటి ఒక హోటల్లో మా ఆకుల దగ్గరికి వచ్చినవాళ్లను గమనించాను. అన్నం ఒకరు, పప్పు ఒకరు, నెయ్యి మరొకరు, వేపుడు ఇంకొకరు, నీళ్లు పోసింది ఒక కుర్రాడు. బిల్లు తెచ్చింది మాత్రం వీళ్లెవరూ కాదు. "ఇంకొంచెం వేసుకోండి సార్, పొడి కలిపి తినండి" అని దగ్గరుండి తినిపించినది నెయ్యి గిన్నె పట్టుకున్నాయన. బిల్లు ఫోల్డరులో పెట్టిన నోటు ఆయనకు చేరుతుందా?

పలకరిస్తే ఆయనది మదనపల్లె అని తేలింది. "సాయంత్రానికి అందరిదీ ఒకే డబ్బాలో వేస్తాం సార్. గిన్నెలు కడిగేవాళ్లకూ వాటా ఉంటుంది. మీరు ఎవరికిచ్చినా ఒకటే" అన్నారు. అన్ని హోటళ్లలోనూ ఇలా ఉండదు, బిల్లు తెచ్చినవాడే మొత్తం జేబులో వేసుకునే చోట్లూ ఉన్నాయి. కాబట్టి మొహమాటపడకుండా అడగడమే మంచిది. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, పైగా సంతోషిస్తారు. మా ముగ్గురి భోజనానికి అక్కడ వంద ఇచ్చాం. బావగారు ఆ రోజు కాలర్ ఎగరేశారు.

ఇక ఇందిరానగర్. అక్క కొడుక్కి అక్కడే ఉద్యోగం, వాడే పట్టుబట్టి ఒక రెస్టారెంటుకు తీసుకెళ్లాడు. దీపాలు తక్కువ, పాటల మోత ఎక్కువ. తిండి పర్వాలేదు, పళ్లెం ఎంత పెద్దదో పదార్థం అంత చిన్నది. మాకు వడ్డించిన అమ్మాయి మాత్రం ఓపికగా ప్రతి వంటకంలో ఏముందో అక్కకు హిందీలో వివరించింది. బిల్లు చూస్తే తిండికి 2,400, దాని కింద పది శాతం సర్వీస్ ఛార్జి 240, ఆ రెండూ కలిపిన దాని మీద 5 శాతం జీఎస్టీ 132. మొత్తం 2,772. మనం అడగకుండానే టిప్పు పడింది, దాని మీద పన్ను కూడా పడింది. జీఎస్టీ ప్రభుత్వానిది, దాన్ని తప్పించుకోలేం. సర్వీస్ ఛార్జి పన్ను కాదు. రెండూ పక్కపక్కన అచ్చు వేస్తే చాలామంది రెండూ కట్టాల్సినవే అనుకుంటారు.

కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటలు తనంతట తాను సర్వీస్ ఛార్జిని బిల్లులో కలపకూడదు, మరో పేరుతో వసూలు చేయకూడదు, ఇవ్వనన్నవాళ్లను లోపలికి రానివ్వననకూడదు. హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళితే అదే నెలలో స్టే వచ్చింది. 2025 మార్చి 28న కోర్టు ఆ పిటిషన్లను కొట్టేసి మార్గదర్శకాలను సమర్థించింది. హోటలువాళ్లు మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

మేనేజరును పిలిచి తీసేయమన్నాను. "ఇది సిబ్బందికే వెళుతుంది సార్" అన్నాడు. వెళ్లనీ, నేనే ఇస్తానన్నాను. మేనల్లుడు బల్ల కింద నా కాలు తొక్కుతూ "వదిలేయండి మామయ్యా, ఇక్కడ అందరూ కడతారు" అని గొణిగాడు. అందరూ కట్టడం వల్లే ఇది ఇలా నడుస్తోంది. కొత్త బిల్లు 2,520కి వచ్చింది, తేడా 252. ఆ అమ్మాయి చేతిలో రెండు వందలు పెట్టాం. కింద కాపలా మనిషికి యాభై. డబ్బు మిగల్లేదు, కానీ ఎవరికి చేరిందో మాకు తెలుసు. అక్క అయితే ఆ అమ్మాయి విషయంలో నాకన్నా ముందే పర్సు తీసింది.

కార్డు మీద టిప్పు కలిపి కొట్టే పద్ధతి కూడా నాకు ఇష్టం లేదు. 2016లో, హోటళ్లు నడిపిన ఐటీసీ కంపెనీ కేసులో ఆదాయపు పన్ను సంగతి తేల్చేటప్పుడు సుప్రీంకోర్టు, అలా వచ్చిన టిప్పు యజమాని ఇచ్చే జీతం కాదనీ, యజమాని దాన్ని సిబ్బంది తరఫున ధర్మకర్తలా పట్టుకుని ఉంటాడనీ చెప్పింది. బాగానే ఉంది. ఆ ధర్మకర్త ఎప్పుడు పంచుతాడో, ఎంత పంచుతాడో బల్ల దగ్గరున్న మనకు కనిపించదు.

చేతికివ్వాలంటే చిల్లర ఉండాలి, అదే ఇప్పుడు కరువు. ఫోన్‌తో కోడ్ స్కాన్ చేసి కట్టేస్తున్నాం కాబట్టి సోంపుతో పాటు తిరిగొచ్చే నోట్లు లేవు. ఆ నోట్లలోంచే కదా ఇదివరకు టిప్పు పుట్టేది. మేం పొద్దున్నే ఒక అయిదొందల నోటును మెట్రో టికెట్ కౌంటరులో మార్చుకుని పదులు, ఇరవైలు జేబులో వేసుకునేవాళ్లం. ఒకచోట సర్వరు తన సొంత ఫోన్ నంబరుకు పంపమన్నాడు. తప్పులేదు, పంపాం.

బస గురించి రెండు మాటలు. మెజెస్టిక్ దగ్గర గాంధీనగర్‌లో ఒక లాడ్జిలో దిగాం. గదులు శుభ్రం, రైలుకూ బస్సుకూ దగ్గర, రాత్రి హారన్ల మోత మాత్రం భరించాలి. సామాను మోసిన కుర్రాడికి పెట్టెకు పది, గది తుడిచే ఆమెకు ఖాళీ చేసే రోజున వంద. రోజుకు 7,500 దాటే గదులున్న పెద్ద హోటళ్లలో తినాలనుకుంటే అక్కడ రెస్టారెంటు బిల్లు మీద జీఎస్టీ 18 శాతం ఉంటుందని ముందే గుర్తుపెట్టుకోండి. టిప్పు గురించి ఆలోచించే ఓపిక తర్వాత మిగలదు.

ఆటోలకు, క్యాబులకు యాప్‌లు బండి రాకముందే "టిప్పు కలుపుతారా" అని అడిగాయి. దీని మీద 2025 మేలో ఉబర్‌కు ఆ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థే నోటీసు కూడా ఇచ్చింది. పని జరగకముందే ఇచ్చేది వేలంపాట, దానికి నేను నొక్కను. తిండి పార్సిల్ కట్టించుకుంటే కౌంటరులో ఏమీ ఇవ్వనక్కర్లేదు. వానలో బిర్యానీ పట్టుకుని లిఫ్టు లేని మూడో అంతస్తు ఎక్కి వచ్చిన డెలివరీ కుర్రాడికి యాభై ఇచ్చాం, ఆ యాభై ఇచ్చింది అక్కే.