ఫారం 26: పదేళ్లకు పైగా వాడాక

తన ఆస్తులు, తన మీదున్న కేసులు చెబుతూ నామినేషన్‌తో పాటు అభ్యర్థి దాఖలు చేసే ఫారం 26 అఫిడవిట్‌ను 2014 నుంచి ప్రతి అసెంబ్లీ ఎన్నికకూ చదువుతున్నాను. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పులతో వచ్చిన కాగితమిది. అందులో ఆస్తుల పట్టిక జోలికి వెళ్లను. ఎవరికి ఎన్ని కోట్లో పత్రికలే కంఠతా వచ్చేలా చెబుతాయి. నా మనసు దోచింది కేసుల పట్టిక.

2019లో మా నియోజకవర్గంలో ఒకాయన మీద పదికి పైగా కేసులు. టీ బంకు దగ్గర ఆయనకు ‘రౌడీ’ అని ముద్ర పడిపోయింది. ఎదుటి అభ్యర్థి మీద ఉన్నది ఒకటే కేసు కాబట్టి ఆయన పెద్దమనిషి. ఇంటికి వచ్చి ఇద్దరి అఫిడవిట్లూ తెరిచాను. మొదటాయన పేజీల నిండా ఐపీసీ (పాత భారతీయ శిక్షాస్మృతి) 143, 188, 341 సెక్షన్లే: గుమిగూడటం, అధికారి ఉత్తర్వు ధిక్కరించడం, దారి ఆపడం. ఎఫ్‌ఐఆర్‌లన్నీ ఒకే పోలీస్ స్టేషన్‌వి, చాలావరకు ఒకే ఏడాదివి. సాగునీటి కోసం రోడ్డు మీద బైఠాయించిన రోజులవి. ఊరందరికీ గుర్తున్న ధర్నాలే, కాగితం మీద నేరాలుగా మారాయి. రెండో ఆయనది ఒక్క కేసే గానీ సెక్షన్లు 406, 420. నమ్మకద్రోహం, మోసం. పక్క గడిలో కోర్టు అభియోగాలు నమోదు చేసిన తేదీ కూడా ఉంది. పేజీల మందం చూసి మనుషులను తూచడం ఆ రోజుతో మానేశాను.

అప్పట్లో కనిపించిన వారికల్లా ‘ఇదొక్కటి చదివితే చాలు’ అనేవాడిని. ఇప్పుడు అంత గట్టిగా అనను. అభ్యర్థి తన గురించి తాను ప్రమాణం చేసి చెప్పుకున్న మాట ఇది. రిటర్నింగ్ అధికారి ఖాళీలు నింపారా లేదా అని చూస్తారు, అందులోని నిజానిజాలపై విచారణ జరపరు. అబద్ధమని రుజువైతే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలో, జరిమానాయో, రెండూనో ఉండొచ్చు. ఆ రుజువు ఎవరు చేయాలన్నదే చిక్కు. సొంతంగా సంపాదించుకునే కొడుకు ఆస్తులు ఇందులో కనిపించవు. ఇక ధర్నా కేసుల్లోనే 353 (విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిపై దాడి) కూడా ఉంటే, నిజంగా ఉద్యోగి మీద చేయి చేసుకున్నాడా, పోలీసులు అలవాటుగా తగిలించారా అన్నది ఈ కాగితం చెప్పదు. దానికి ఊళ్లోవాళ్లను అడగాల్సిందే.

పైగా నేర్చుకున్న అంకెలు మారిపోయాయి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చాక 420 పోయి 318 అయింది, 188 కాస్తా 223. పాత కేసులు పాత సెక్షన్లతోనే నడుస్తాయి కనుక వచ్చే ఎన్నికల్లో ఒకే పట్టికలో రెండు రకాల అంకెలూ కలగాపులగంగా ఉంటాయి. నా చేతిరాత చీటీ మళ్లీ రాసుకోవాలి.

నేను రిటైరైన గుమాస్తాను. వాలిపోయిన స్కాను కాపీలతో, అర్థం కాని దస్తూరీతో కుస్తీ పట్టే ఓపికా తీరికా ఉన్నాయి. సందేహం వస్తే అడగడానికి ఇంట్లో వకీలు మేనల్లుడున్నాడు. ఉద్యోగం చేసుకుంటూ పిల్లలను చదివించుకునే వారికి మొత్తం చదవమని చెప్పలేను. కేసుల పట్టికలో సెక్షన్ల గడి, అభియోగాల గడి, ఈ రెండూ చూడండి. పంచాయతీ ఎన్నికల్లో మాత్రం నాకు ఏ కాగితమూ అక్కర్లేకపోయింది. పోటీ చేసిన ఇద్దరూ మా వీధివాళ్లే.